సాయంత్రం వచ్చే అమ్మ

మా బడి మేడం నన్ను గురించి ఎవరితోనైనా చెప్పాల్సి వస్తే "టీచర్ మంచిదే కానీ, నోరే కాస్త..." అని ఆపేస్తారు. ఆ కాస్త ఏమిటో అందరికీ తెలుసు. నేను కాదనను. మూడేళ్ళ పిల్లలతో పొద్దస్తమానం వేగేదాన్ని. నాకున్న మెత్తదనమంతా వాళ్ళ దగ్గరే ఖర్చయిపోతుంది. పెద్దవాళ్ళ దాకా వచ్చేసరికి ఇక మిగలదు.

మాది పెద్ద బడేమీ కాదు. ఒక మేడింట్లో కింది భాగం. ముందు గదిలో నా పిల్లలు, వెనక గదిలో మధ్యాహ్నం పడుకునే పరుపులు, పక్కన బొమ్మలూ చీపుళ్ళూ కలిసి కాపురం చేసే సామాన్ల గది. వీధి వైపు ఊచల గేటు, గేటు లోపల చెప్పుల అర, దాన్ని ఆనుకుని ఒక పొట్టి బల్ల. సాయంత్రమైతే పిల్లలు ఆ బల్ల మీద వరసగా కూర్చుని వీధిలోకి చూస్తుంటారు. ఇళ్ళలో పెట్టిన పేర్లు ఏవైనా కానీ, నా దగ్గర చేరిన వారానికల్లా ఒక్కొక్కరికి ఒక్కో బిరుదు వచ్చేస్తుంది. ప్రతిదానికీ "ఎందుకూ" అనేవాడు వకీలు. చేతులు వెనక్కి కట్టుకుని నడిచేవాడు పెద్దాయన. రాగం ఎత్తుకుంటే వీధి చివరిదాకా వినిపించే పిల్ల సైరన్.

కొత్తగా చేరిన పిల్లలు ఏడుస్తారు. ఏడవని పిల్లను చూస్తేనే నాకు భయం. వాళ్ళను ఊరుకోబెట్టడానికి తలా ఒక మాయ చేస్తారు. బూచాడు పట్టుకుపోతాడంటారు, అమ్మ ఇదిగో తలుపు వెనకే ఉందంటారు. నాకవి గిట్టవు. పిల్లలకు అబద్ధం చెప్పకూడదన్నది నా పట్టు. అందుకని నాది ఒకటే మాట. "అమ్మ సాయంత్రం వస్తుంది. అందాకా మనం ఆడుకుందాం." సాయంత్రం కాక మానదు, అమ్మ రాక మానదు. నాలుగు రోజులు అలా నిజమయ్యేసరికి పిల్లకు నా మాట మీద గురి కుదురుతుంది. ఈ ఉద్యోగంలో ఇంతకు మించిన విద్య ఏదీ లేదని నా నమ్మకం. చుట్టుపక్కల ఏ బడిలోనైనా పిల్ల ఏడుపు ఆపకపోతే "అక్కడి టీచర్ దగ్గరికి తీసుకెళ్ళండి" అని మా గేటు చూపించేవాళ్ళు. కొంచెం గర్వంగానే ఉండేది.

ఉడతను వాళ్ళమ్మ చంకనేసుకుని తీసుకొచ్చింది. చిన్న వయసే. మెడలో కొరియర్ ఆఫీసు గుర్తింపు కార్డు, మోచేతికి అంటుకుపోయిన టేపు ముక్క. చూసుకున్నట్టు లేదు. పార్శిళ్ళ మీద చిరునామాలు అంటించే పనట. భర్త లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు, పని ఎక్కడుంటే అక్కడే రోజుల తరబడి ఉండిపోతాడట. ఇంట్లో ఆమె తమ్ముడు ఉన్నాడు కానీ, పొద్దున్నే కాలేజీకి వెళితే మళ్ళీ చీకటిపడ్డాకే రావడం.

"ఇన్నాళ్ళూ పాపను ఎవరు చూసుకున్నారమ్మా?" అని అడిగాను.

"ఇంట్లోనే... ఇంట్లోనే ఉండేది టీచర్," అంది. పాప మొహం వంక ఒకసారి చూసి ఊరుకుంది.

పాపను దించబోతే కోతిపిల్లలా కరుచుకుంది. చివరికి ఎలాగో నా చేతికిచ్చి, గేటు దాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కి వచ్చింది.

"టీచర్, నా గురించి చెప్పేటప్పుడు పాపతో అమ్మ అనండి. మర్చిపోకండి."

"మరేమంటాం తల్లీ, అత్తగారంటామా?" అన్నాను.

ఎవరైనా నవ్వాల్సిన మాటే. ఆమె నవ్వలేదు. ఇంకేదో చెప్పబోయినట్టుంది కానీ, పాప మెడ సాచి తననే చూస్తోంది. తలూపి వెళ్ళిపోయింది.

అన్నం ముద్ద మింగకుండా బుగ్గన పెట్టుకుని గంటసేపు తిరిగే పిల్ల కాబట్టి దానికి ఉడత అన్న బిరుదు మొదటి రోజే వచ్చేసింది. ఇక ఏడుపు సంగతి. మామూలుగా నా మాట పనిచేయడానికి నాలుగైదు రోజులు పడుతుంది. ఉడత విషయంలో ఒక్కసారే చాలింది. గేటు ఊచలు పట్టుకుని ఏడుస్తున్న పిల్ల పక్కన చతికిలబడి, "అమ్మ సాయంత్రం వస్తుంది," అన్నాను. ఠక్కున ఆపేసింది. ముక్కు తుడుచుకోకుండానే నా వైపు తిరిగింది.

"అమ్మ వస్తుందా?"

"వస్తుంది."

"సాయంత్రమా?"

"సాయంత్రమే."

అంతే. వచ్చి నా ఒళ్ళో కూర్చుంది. "చూశావా," అని ఆయమ్మతో గొప్పలు పోయాను. ఆయమ్మ మా బడిలో పిల్లల పనులు చూసే మనిషి. ఆమె కూడా ముక్కు మీద వేలేసుకుంది. ఆ రోజంతా ఉడత మాకు పండులాంటి పిల్ల. పక్కనున్న వకీలుకు కూడా "మా అమ్మ సాయంత్రం వస్తుంది" అని చెప్పింది. వాడు ఎందుకూ అన్నాడు. "టీచర్ చెప్పింది," అంది.

తిరకాసంతా సాయంత్రం మొదలైంది. వాళ్ళమ్మ గేటు దగ్గరికి వచ్చింది. మిగతా పిల్లలు వాళ్ళ వాళ్ళు కనబడగానే కట్టు విప్పిన దూడల్లా ఉరుకుతున్నారు. ఉడత మాత్రం వాళ్ళమ్మను చూసింది, ఆమె వెనకాలకు చూసింది, పక్కకు వంగి వీధి మలుపు దాకా చూసింది. తర్వాత బల్ల కిందికి దూరి, నేల మీద బోర్లా పడుకుని ఏడ్చింది. పొద్దుటి ఏడుపు దీని ముందు ఎంత. కన్నతల్లి వచ్చి రమ్మంటుంటే పిల్ల చెప్పుల అర కాలు పట్టుకుని వదలదు. చివరికి ఈడ్చుకుపోయినట్టు తీసుకుపోయింది.

మొదటి రోజు అలసట అనుకున్నాను. రెండో రోజూ అంతే, మూడో రోజూ అంతే. పొద్దున నా మాట విని వెలిగిపోవడం, సాయంత్రం తల్లిని చూసి కూలిపోవడం. రోజులు గడిచేకొద్దీ పొద్దుటి వెలుగు తగ్గుతూ వచ్చింది కానీ, అడగడం మాత్రం మానలేదు. "ఇవాళ సాయంత్రమా?" అని అడిగేది. ఇవాళే అని చెప్పేదాన్ని. చెప్పడంలో నాకు లోటేముంది.

గోడ మీద అక్షరాల పటం ముందు ఇంకొకటి జరిగింది. మొదటి గడిలో అ అంటే అమ్మ, పక్కన చంటిపిల్లను ఎత్తుకున్న పడుచు బొమ్మ. "ఇదెవరు?" అని అడిగితే పిల్లలందరూ అమ్మ అన్నారు. ఉడత ఒక్కతే "అక్క" అంది. అక్క కాదు నాన్నా, అమ్మ అన్నాను. "అక్క," అంది, మెల్లగా, కచ్చితంగా. ఇంటికి ఇది ఒక్కతే పిల్ల, అక్కలూ చెల్లెళ్ళూ లేరు. మొండి ఘటమని నవ్వుకుని ఆ అంటే ఆవు దగ్గరికి వెళ్ళిపోయాను.

నా బుర్ర వేరే దారిన పోతోంది అప్పటికి. తల్లిని చూసి పిల్ల ఎందుకు ఏడుస్తుంది? భయముంటేనే ఏడుస్తుంది. బట్టలు మార్చేటప్పుడు వీపూ తొడలూ వెతకడం మొదలుపెట్టాను. మోచేయి దగ్గర ఒక గీరు కనబడింది. పిల్లలన్నాక గీరుకుంటూనే ఉంటారు, కానీ అనుమానం పట్టాక అన్నీ సాక్ష్యాలే. సాయంత్రాలు ఆ తల్లితో మాట కలపడం మానేశాను. పిల్లను అందించేటప్పుడు ఆమె చేతి గోళ్ళు చూసేదాన్ని. ఆమె కూడా నన్ను అదోలా చూసేది. నీ చూపుకు భయపడతానా అనుకునేదాన్ని. ఆయమ్మతో అంటే, "కందకు లేని దురద కత్తిపీటకెందుకు టీచర్, పైకి అనకండి," అంది. మేడంతో అంటే, "మీటింగులో తేలుద్దాం," అన్నారు.

మేడం ఎక్కడో రెండు రోజుల శిక్షణకు వెళ్ళొచ్చారు. ఇల్లూ బడీ కలిసి పనిచేయాలని అక్కడ చెప్పారట. అప్పట్నుంచి ఆ మాటే జపం. ఒక శనివారం తల్లిదండ్రులనందరినీ పిలిచి, గోడకు గుడ్డ బ్యానరు కట్టించారు. 'ఇల్లూ బడీ రెండు చేతులు' అని రాసి ఉంది దాని మీద. రెండు చేతులూ కలిస్తేనే చప్పట్లని మేడం ఉపన్యాసం. చెంపదెబ్బకు మాత్రం ఒక్కటి చాలని నేను వెనక గొణిగాను. పెద్దవాళ్ళందరూ పిల్లల కుర్చీల్లో మోకాళ్ళు గడ్డానికి తగిలేట్టు కూర్చుని ఉన్నారు. ఉడత వాళ్ళమ్మ చివరి కుర్చీలో ఉంది.

ఉపన్యాసం అయ్యాక ఆట. పిల్లల్ని గోడ దగ్గర వరసగా నిలబెట్టారు. ఈల వేయగానే ఎవరి అమ్మ దగ్గరికి వాళ్ళు పరుగెత్తాలి. నాన్నలు వచ్చినవాళ్ళు నాన్న దగ్గరికి. మేడం ఈల వేసి, "మీ అమ్మ ఎక్కడుంది? పరుగెత్తండి," అన్నారు.

ఉడత మొహం ఒక్కసారిగా విప్పారింది. బడిలో చేరాక ఆ పిల్ల అలా నవ్వడం నేను చూడలేదు. పిల్లలందరూ కుర్చీల వైపు ఉరికారు. ఉడత గిరుక్కున తిరిగి గేటు వైపు పరుగెత్తింది. ఊచలు పట్టుకుని, మొహం సందులో పెట్టి, ఖాళీ వీధిలోకి "అమ్మా," అని పిలిచింది. మళ్ళీ పిలిచింది. ఎవరో నాన్నగారు, "పాప అమ్మ బయటకు షికారుకెళ్ళిందేమో," అన్నాడు. నవ్వులు. నేను చివరి కుర్చీ వైపు చూశాను. ఆ అమ్మాయి రెండు చేతులూ ముందుకు చాపి కూర్చుని ఉంది. వాటిని ఎలా దించాలో తెలియనట్టు అలాగే ఉంచింది.

జాలి పడాల్సింది. నాకు కోపం వచ్చింది. ఆమెను సామాన్ల గదిలోకి తీసుకెళ్ళి తలుపు దగ్గరగా వేశాను.

"నిజం చెప్పమ్మా. ఇంట్లో పాపను కొడుతున్నారా?"

ఆమె బొమ్మల పెట్టె మీద కూర్చోబోయినదల్లా నిలబడిపోయింది. "మీరు కొడుతున్నారా అని అడుగుదామనే నేను ఇవాళ పని మానుకుని వచ్చాను," అంది.

"నేనా?"

"ఇంటికొచ్చాక అన్నం ముట్టదు టీచర్. కిటికీ దగ్గర నుంచి రాదు. దీపాలు వెలిగాక, సాయంత్రం అయిపోయిందా అని అడుగుతుంది. అయిపోయిందంటే ఏడుపు. ఇక్కడికి రాకముందు ఇలా లేదు. బెంగ ఉండేది, కానీ తినేది, ఆడేది. ఏం చేస్తున్నారు మీరు దాన్ని?"

"ఏం చేస్తాం? ఏడిస్తే అమ్మ సాయంత్రం వస్తుందని చెబుతాం. అందరికీ చెప్పేదే."

ఆమె కళ్ళు పెద్దవయ్యాయి. "అమ్మ వస్తుందని చెప్పారా?"

"నువ్వే కదమ్మా, నీ గురించి చెప్పేటప్పుడు అమ్మ అనమన్నావు?"

"అనమన్నాను," అంది. "కానీ దానికి అమ్మంటే నేను కాదు టీచర్. నేను అక్కని."

నాకు అర్థం కాలేదు. అప్పుడు మెల్లగా చెప్పింది. పాపను పెంచింది ఆమె తల్లి. ఈమె పొద్దున పనికి వెళితే పాప నిద్రలో ఉండేది, వచ్చేసరికి మళ్ళీ నిద్రలో ఉండేది. ఆ ఇంట్లో ఆ పెద్దావిడను కూతురూ కొడుకూ ఇద్దరూ అమ్మా అనేవాళ్ళు. తమ్ముడు ఈమెను అక్కా అనేవాడు. పిల్ల చెవిన పడ్డవి అవే రెండు పిలుపులు. అవే నేర్చుకుంది.

"మేం నవ్వుకున్నాం. ఎవరైనా వస్తే, అమ్మ ఏదీ అని అడిగి, అది మా అమ్మను చూపిస్తే మళ్ళీ నవ్వేవాళ్ళం. పెద్దయితే అదే దిద్దుకుంటుందిలేవే అనేది అమ్మ. ఆవిడకీ మురిపెమే."

"మరి ఆవిడ ఇప్పుడెక్కడ?"

"లేదు."

"ఊరెళ్ళారా?"

"లేదు టీచర్," అంది మళ్ళీ. "లేదు."

గుండె ఆగిందట. వంటింట్లో నిలబడ్డ మనిషి నిలబడ్డట్టే ఒరిగిపోయిందట. పాపను పక్కింట్లో ఉంచి, అన్నీ అయ్యాక తెచ్చుకున్నారు. అమ్మ ఊరెళ్ళిందని చెప్పారు. చూసుకునే మనిషి లేక మా బడిలో చేర్చారు.

"ఇంత జరిగితే నాకు ఒక్క మాట చెప్పకూడదా?" అన్నాను. కసురుకున్నట్టే అన్నాను.

"ఎప్పుడు చెప్పను? వచ్చిన రోజు చంకలోంచి దిగలేదు. దాని చెవి నా నోటి దగ్గరే ఉంది. తర్వాత రోజూ దాన్ని మీకు అందించి బస్సు కోసం పరుగు. సాయంత్రం అడుగుదామంటే మీరు మొహం తిప్పుకునేవారు." చేతి మీద ఏదో గీకుతూ ఉండిపోయింది. "ఇంకోటి కూడా ఉంది. ఇక అమ్మ లేదు కదా. ఆ పిలుపు మెల్లగా నాకొస్తుందేమో అనుకున్నాను. మీరు నన్ను అమ్మ అంటుంటే అలవాటవుతుందనుకున్నాను. అది తప్పా టీచర్?"

అడగందే అమ్మయినా పెట్టదంటారు. అడగందే అమ్మయినా చెప్పదని నాకు అప్పుడు తెలిసింది. రోజూ గేటు దగ్గర పిల్లను ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకున్నాం. ఆ పిల్లకు ఎవరు పోయారో నేను అడగలేదు, నేను ఏం చెబుతున్నానో ఆమె అడగలేదు. చనిపోయిన మనిషి సాయంత్రం వస్తుందని నేను రోజూ ఒట్టేసినట్టు చెప్పాను. అబద్ధం చెప్పనని పేరున్న నోటితో చెప్పాను. పిల్ల అందుకే నమ్మింది.

"ఇప్పటికైనా నిజం చెప్పేద్దాం," అన్నాను.

"ఏమని చెప్పను? అమ్మమ్మ చనిపోయింది అంటే దానికి అమ్మమ్మ ఎవరో తెలియదు. విని ఆడుకోవడానికి పోతుంది. అమ్మ చనిపోయింది అంటే..." ఆగింది. "నా నోటితో నేనే ఆ మాటను చంపేస్తే, ఇక అది నన్నెప్పుడైనా అమ్మా అని పిలుస్తుందా?"

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. బయట మేడం చప్పట్లు కొట్టిస్తున్నారు. మేమిద్దరం ఆ చీపుళ్ళ మధ్య నిలబడి ఏమీ తేల్చుకోలేదు.

సోమవారం పొద్దున ఉడత నా దగ్గరికి వచ్చింది. "ఇవాళ సాయంత్రమా?" అంది. బంతాట ఆడదామా అన్నాను. బంతి వంక చూసి, మళ్ళీ నా మొహం చూసి, "ఇవాళ సాయంత్రమా టీచర్?" అంది. వకీలు చొక్కా గుండీ ఊడిందని వాడి దగ్గరికి పారిపోయాను.

సైరన్ ఏడ్చినా నేను నా మాట చెప్పలేకపోయాను. ఉడత వింటోంది కదా. దాంతో సైరన్ ఏడుపుకు అంతు లేదు. చూస్తూ చూస్తూ గదిలో మిగతా పిల్లలూ బిక్కమొహాలు వేశారు. అదీ కాక, అమ్మ అన్న శబ్దం లేకుండా మాట్లాడదామంటే మన నోటికి అసలు వశమవుతుందా? రామ్మా, కూర్చోమ్మా, ఆయమ్మా నీళ్ళు తే. దెబ్బ తగిలితే అమ్మో. బొమ్మ విరిగితే అమ్మయ్యో. ప్రతిసారీ ఆ పిల్ల తలెత్తేది. అంతకుముందు కూడా ఎత్తేదేమో, నేను చూడలేదు.

మేడంను అడిగితే పిల్లలు వాళ్ళే మర్చిపోతారన్నారు. ఉడత మర్చిపోలేదు. అన్నం బుగ్గన పెట్టుకోవడం కూడా మానేసింది. అసలు నోట్లో పెట్టుకుంటేగా. బల్ల మీద గేటు వైపు కూర్చుని ఆటలకు పిలిస్తే రానంది. ఆ వారం చివరికి మొహంలో కళ్ళు తప్ప ఏమీ మిగల్లేదు. వాళ్ళమ్మ ఫోన్ చేసింది.

"మీరే చెప్పండి టీచర్. మీ మాటైతే వింటుంది."

"నా మాట వినే ఇంతకి వచ్చింది. ఇద్దరం కలిసి చెబుదాం. నువ్వు మొదలుపెట్టు, నేను పక్కనుంటాను," అన్నాను. ఏం చెప్పాలో ఫోన్లోనే అనుకున్నాం. ఊరు అనకూడదు, నిద్రపోయింది అనకూడదు, ఉన్నదున్నట్టు చెప్పాలి. ఏడిస్తే ఎవరు ఎత్తుకోవాలో కూడా అనుకున్నాం. చదువుకున్న పాఠం అప్పజెప్పుకున్నట్టు రెండుసార్లు అనుకున్నాం.

మధ్యాహ్నం భోజనం వేళ ఆఫీసులో అడిగి వచ్చింది. పిల్లలు వెనక గదిలో పడుకున్నారు. ముందు గదిలో చాప మీద ముగ్గురం కూర్చున్నాం. ఆమె పాప రెండు పాదాలూ చేతుల్లోకి తీసుకుంది.

"అమ్మ చనిపోయింది నాన్నా."

"ఊరెళ్ళింది," అంది ఉడత.

"ఊరెళ్ళలేదు. అక్క తప్పు చెప్పింది. చనిపోయింది. అంటే ఇక రాదు. అమ్మ రావాలనే మనకి ఉంటుంది, కానీ రాదు."

ఉడత తల అడ్డంగా ఊపింది. వాళ్ళమ్మ పొరబాటు దిద్దుతున్నట్టుగా అంది. "టీచర్ వస్తుందంది."

నా వైపు తిరిగింది. ఆ కళ్ళలో అనుమానం లేదు. సాక్షిని పిలిచినట్టు పిలిచింది. "అన్నావు కదా టీచర్?"

"అన్నాను తల్లీ. తెలియక అన్నాను. అమ్మ రాదు."

నన్నే చూసింది. ఎంతసేపో చూసింది. నేను కళ్ళు తిప్పుకోకూడదని కూర్చున్నాను. ఏడుస్తుందని ఇద్దరం చేతులు సిద్ధంగా పెట్టుకున్నాం. ఏడవలేదు. పాదాలు వెనక్కి లాక్కుని, లేచి, వెనక గదిలోకి వెళ్ళి తన పరుపు మీద పడుకుంది. కళ్ళు తెరిచే ఉంది. ఏడిస్తే ఏం చేయాలో అనుకున్నాం కానీ, ఏడవకపోతే ఏం చేయాలో మేం అనుకోలేదు.

వాళ్ళమ్మకు వేళ మించిపోతోంది. పరుపు దగ్గర వంగి, "సాయంత్రం వస్తాను," అంది. అనేశాక ఉలిక్కిపడి నా వైపు చూసింది. ఆ మాట అనకుండా ఏ తల్లి మాత్రం ఎలా వెళుతుంది? పాప గోడ వైపు తిరిగింది.

ఆ సాయంత్రం ఆమె రాలేదు. రావలసిన వేళకు రాలేదు అనాలి. పిల్లలు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. పెద్దాయన చేతులు వెనక్కి కట్టుకుని వాళ్ళ నాన్న వెంట వెళ్ళాడు, సైరన్ మోగుతూ వెళ్ళింది. బల్ల మీద ఉడత ఒక్కతే మిగిలింది. వీధిలోకి చూడటం లేదు. తన కాళ్ళకేసి చూసుకుంటోంది. నేను ఫోన్ చేస్తే ఎత్తలేదు. పార్శిళ్ళ గోడౌన్లోకి ఫోన్లు తీసుకెళ్ళనివ్వరని నాకు తెలుసు. మధ్యాహ్నం గంటసేపు బయటికొచ్చినందుకు పని కట్టబెట్టి ఉంటారు. ఇవన్నీ మనసులో అనుకుంటున్నాను కానీ, మళ్ళీ మళ్ళీ ఫోన్ నొక్కుతూనే ఉన్నాను. ఆయమ్మ గదులు ఊడ్చి, తాళం చేత్తో పట్టుకుని నిలబడింది.

వెళ్ళి పాప పక్కన కూర్చున్నాను. ఆ బల్ల నాకు మరీ పొట్టి.

"అక్క చనిపోయిందా?" అని అడిగింది.

అన్నం అయిందా అని అడిగినట్టు అడిగింది. "లేదు నాన్నా, లేదు," అన్నాను. అది తలెత్తలేదు. వస్తుంది అన్న మాట నాలుక చివరి దాకా వచ్చింది. ఇన్నేళ్ళుగా నేను బతుకుతున్నది ఆ ఒక్క మాట మీద. వచ్చి తీరుతుందని నాకు మాత్రం ఎవరు చెప్పారు? రోడ్డు మీద బస్సులున్నాయి, లారీలున్నాయి, వంటింట్లో నిలబడ్డ మనుషులే ఒరిగిపోతారు. నోరు తెరిచి మూశాను. పాప చేయి పట్టుకోబోతే ఇవ్వలేదు. బలవంతం చేయలేదు.

దీపాలు వెలిగాక వచ్చింది. చెప్పు ఒకటి తెగితే చేత్తో పట్టుకుని, పరుగెత్తుకుంటూ వచ్చింది. "లోడు ఆలస్యమైంది టీచర్, వదల్లేదు," అంటూనే గేటు తోసింది.

ఉడత లేచి నిలబడింది. ఈసారి ఆమె వెనకాలకు చూడలేదు. వీధి మలుపు చూడలేదు. ఆమెనే చూసింది. రెండడుగులు వేసి, ఆమె మోకాళ్ళను చుట్టేసింది. ఆ అమ్మాయి చేతిలోని చెప్పు వదిలేసి పాపను ఎత్తుకుంది. అప్పుడు వచ్చింది ఏడుపు. ఆ మధ్యాహ్నం రానిదీ, అంతకుముందు రానిదీ, అంతా వచ్చింది. ఆమె మెడలో మొహం దాచుకుని, ఒళ్ళంతా ఎగిరిపడేట్టు ఏడుస్తూ, "అమ్మా," అంది. "అమ్మా. అమ్మా."

తల్లి రాయిలా నిలబడిపోయింది.

దారిన పోయే పెద్దమనిషి ఒకాయన ఆగి చూసి, "అమ్మ ఆలస్యమైతే ఎంత బెంగో పాపం," అనుకుంటూ వెళ్ళాడు. ఆయమ్మ మొహం అటు తిప్పుకుంది. ఆ పిల్ల పోయినావిడను పిలుస్తోందో, ఎత్తుకున్నావిడను పిలుస్తోందో. పిలుస్తూనే ఉంది, గొంతు బొంగురుపోయినా ఆపలేదు.

ఆ అమ్మాయి పాప తల మీదుగా నన్ను చూసింది. కళ్ళనీళ్ళు గడ్డం దాకా కారుతున్నాయి. ఆమెకు పోయింది కూడా అమ్మేనని, ఆమె ఏడవడం నేను చూడటం ఇదే మొదలని అప్పుడు తట్టింది.

"నన్నేనా టీచర్?" అని అడిగింది. "పలకనా?"

పిల్లల గురించి ఎవరేమడిగినా వెంటనే జవాబు చెప్పే నోరు నాది. గేటు పట్టుకుని నిలబడ్డాను. ఆమె నా జవాబు కోసం చూస్తోంది. పాప మళ్ళీ అమ్మా అంది.